బండి వదిన పేరు మీదికి వచ్చింది

మొయినాబాద్

ప్రభాకర్ మామకు నమస్కారం.

అన్న పోయాక ట్రాలీ బండి విషయంలో మీ మాట వినలేదని కోపంగా ఉన్నారట. అమ్మ చెప్పింది. అందుకే కారణం రాస్తున్నాను.

"చనిపోయినోని పేరు మీద బండి నడువది. పాత తేదీ ఏసి మీ అన్న సంతకం నువ్వే పెట్టు, అమ్మేద్దాం. అందరు గట్లనే చేస్తరు" అన్నారు మీరు, ఆర్టీఓ ఆఫీసు దగ్గరి ఏజెంటు మాట నమ్మి. సమత వదిన తాళంచెవి ఇచ్చేయడానికి కూడా సిద్ధపడింది. ఆ బండి పోతే మన తోట పూలు ఎవరి బండో దొరికినప్పుడే మార్కెట్‌కు పోతాయి.

నేను రవాణా శాఖ వెబ్‌సైట్ చూసి, ఆఫీసుకు వెళ్లి మళ్లీ అడిగాను. ముప్పై రోజుల్లో మరణం సంగతి తెలిపితే వారసులు మూడు నెలల వరకు బండి నడుపుకోవచ్చు. ఆలోపు పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. అమ్మాల్సిన పని లేదు. అన్న సంతకం నేను పెడితే మాత్రం అది నేరం.

గడువులోనే దరఖాస్తు ఇవ్వడానికి వదినను తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఉన్నామె వదినను అడిగింది: "నడిపేది నువ్వేనా అక్కా?"

"లైసెన్స్ మా ఆయనే తీపిచ్చిండు. స్టీరింగే ఎన్నడు ఇయ్యలే" అన్నది వదిన.

ఇద్దరూ నవ్వారు. అన్న పోయాక వదిన నవ్వగా చూడటం అదే మొదలు.

కొత్త ఆర్‌సీ నిన్న వచ్చింది. పొద్దున వదినే బంతిపూలు వేసుకొని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లొచ్చింది. బండి అమ్మడం లేదని, కొంటామన్నవాళ్లకు మీరే చెప్పండి. ఆదివారం ఇంటికి రండి. చేవెళ్లలో బస్సు కోసం నిలబడొద్దు. "మామను నేనే తోల్కొస్తా, భయపడొద్దని రాయి" అంటున్నది వదిన.

మీ మేనల్లుడు