ఎడ్మోన్ నోటుబుక్కులు

బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపు, దోహా
ఆగస్టు 2021

నా సునందకు,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. ఈ ఉత్తరం ఊరికొస్తున్న హన్మాండ్లు చేతికిచ్చి పంపుతున్నాను.

మా రూములో టోగో దేశపు ఎడ్మోన్ పోయాడని చెప్పాను కదా. మనిషికి ఒకటే పిచ్చి. ఆఫ్రికాలో ఫ్రెంచి మాట్లాడే దేశాలవాళ్ళు క్యాంపులో ఎవరు కనబడినా కూర్చోబెట్టి, వాళ్ళ అవ్వలు చెప్పిన కథలూ పొడుపుకథలూ రాసుకునేవాడు. బడి ఫ్రెంచి పుస్తకాల్లో ఉంటుందట, అవ్వల ఫ్రెంచి వాళ్ళతోనే పోతుందట. నాలుగేళ్ళలో పదకొండుమంది చెప్పినవి ఆరు నోటుబుక్కులయ్యాయి.

ఛాతీనొప్పితో పోయిన మర్నాడు కంపెనీవాళ్ళు పాస్‌పోర్టు, పెట్టె పట్టుకుపోయారు. పోయినవాళ్ళ బట్టా పరుపూ మనం ఇంట్లో ఉంచం కదా! పరుపు, దుప్పటి, దిండు కింది సంచి అన్నీ నేనే మూటగట్టి చెత్తబండిలో వేశాను. మంచే చేస్తున్నాననుకున్నాను. నోటుబుక్కులు ఆ సంచిలోనే ఉన్నాయి సునందా, నాకప్పుడు తట్టలేదు. ఎడ్మోన్ వాళ్ళక్క క్లారిస్ ఫోన్ చేసి, వచ్చీరాని ఇంగ్లీషులో మొదట అడిగింది వాటినే. కంపెనీ పంపుతుందని అబద్ధమాడాను.

నీ తిరుమల్

సెప్టెంబరు 2021

సునందా,

ఉత్తరం చదివి నువ్వు ఫోన్లో ఒక్కటే అన్నావు: "ఆమె ఎదురుచూస్తది. చెప్పెయ్యి."

చెప్పాను. ఆఫ్రికాలోని బుర్కినా దేశం నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు ఇస్సా నా మాటలు ఆమెకు ఫ్రెంచిలో చెప్పాడు. కథలు చెప్పిన పదకొండుమందిలో అతనూ ఒకడు. క్లారిస్ చాలాసేపు ఏడ్చింది. తర్వాత, చెప్పినవాళ్ళు ఇంకా ఉన్నారా అనడిగింది. ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు మేం కట్టిన స్టేడియం పని అయిపోయింది. ఎనిమిదిమంది ఇళ్ళకు పోయారు. మిగిలింది ముగ్గురు.

ఫోన్లో రికార్డు పెట్టుకుని వాళ్ళ దగ్గరకు తిరిగాను. ఇద్దరు చెప్పారు, క్లారిస్‌కు పంపాను. ఇస్సా మాత్రం మొదలుపెట్టి ఆగిపోయాడు. క్యాంపు హిందీలో అతనన్నది మన మాటలో రాస్తున్నాను.

"ఎడ్మోన్ నవ్వాల్సిన కాడ నవ్వేటోడు, అప్పుడు నాకు ముందటి మాట యాదికొచ్చేది. నువ్వు ఊకె నా మొఖం చూస్తున్నవ్. నాతోని కాదు భాయ్."

కోపంతో అనలేదు. తిట్టినా బాగుండేది. అర్థంకాని ఆ ఫ్రెంచి అంతా విన్నాను, ఎక్కడ నవ్వాలో నాకెట్లా తెలుస్తుంది?

ఎల్లుండి ఇస్సా విమానం. మళ్ళీ అడిగే మొహం నాకు లేదు. ఎయిర్‌పోర్టు దాకా అతని పెట్టె మోసుకుపోతాను. ఇంకేం చేయగలను?

తిరుమల్