బావ చేతి కొలత

బొబ్బిలి, మంగళవారం

బావకి ఫోన్ చేసి అడగడానికి నోరు రాలేదు, అందుకే ముందిక్కడ రాసుకుంటున్నాను. భోగాపురం ఎయిర్‌పోర్టు పనిలో ఉన్న బావ కోసం పనసచెక్కతో గిటారు మెడ చెక్కుతున్నాను. ఈరోజు నాన్న తన వీణ చెక్కే పని ఆపి, ఆ మెడని చేత్తో పట్టుకుని నవ్వాడు.

"ఏటే, నీ సేతికి సరిపోయేలా సెక్కేస్తన్నావు? వాయించేది ఆడు కదా! వీణకైతే వేళ్ళే మెట్ల మీద నడుస్తాయి. దీన్ని గుప్పిట్లో పట్టాల. ఆడి సెయ్యెంతో తెలుసా?"

"తెలీదు నాన్నా."

"మరైతే ఉలి పక్కనెట్టు. తీసిన సెక్క మళ్ళీ రాదు."

చిన్నప్పటి నుంచీ బావ చేతిని చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

పొద్దున్నే ఈ మెసేజ్ పంపేస్తాను: బావా, శనివారంలోగా నీ అరచెయ్యి కాగితం మీద గీసి ఫొటో పంపు. సెలవు దొరికితే ఫొటో వద్దు, నువ్వే రా. ఏదో ఒకటి చెప్పు.