స్క్రీన్ రెండుగా చేసుకోవచ్చట

మామా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన పాప ట్యాబ్‌లో బొమ్మ అడ్డం తిరిగి నిలిచిపోతే కుప్పం తీసుకెళ్లాను. రిపేరు అంగడాయన ఏదో గుర్తు నొక్కి క్షణంలో సరిచేశాడు. లేచి రాబోతూ, ఏడాదిగా మనసులో నలుగుతున్నది అడిగేశాను.

"పాప క్లాసు మూయకుండా వాట్సాప్ గూడా చూడొచ్చునాప్పా?"

"యాల చూడకూడదమ్మా? స్క్రీన్ రెండుగా చేసుకోవచ్చు. కొన్నప్పట్నించీ దీంట్లో ఉండాది, సూడు."

పైన క్లాసు, కింద వాట్సాప్. రెండూ ఒకేసారి కనబడుతున్నాయి. అంతే పని.

పోయినేడు ఆ సాయంత్రం నువ్వు రాగిచేలో మంచె మీద కాపలా ఉన్నావు. నీదీ నాదీ బటన్ల ఫోన్లే, వాట్సాప్ ట్యాబ్‌లోనే. ఏనుగుల కబురు ఊరి గ్రూపులో వస్తే, చూసి నీకు ఫోన్ చేయడం నా పని. గ్రూపు చూద్దామని ట్యాబ్ అడిగితే, క్లాసులోంచి బయటికొస్తే మళ్లీ మొదట్నించి వస్తుందని పాప ఏడ్చింది. సరే, అయిపోనీలే అన్నాను. అయ్యాక చూస్తే గ్రూపులో ఏనుగులవే తొమ్మిది కబుర్లు. నీకు చేస్తే, నువ్వు ఫోన్ ఎత్తలేదు.

ఈ సంగతి పాపకు చెప్పలేదు. చెప్పను కూడా.

ఇంటికొచ్చి స్క్రీన్ రెండుగా చేసి పెట్టాను. పైన పాపకు లెక్కల క్లాసు జరుగుతోంది. ఇప్పుడే కింద కబురొచ్చింది: "మూడు ఏనుగులు కొండకింది చేలల్లోకి దిగతాండాయి."

వచ్చిన నిమిషంలోనే చూశాను, మామా. మన మంచె మీద ఎవరూ లేరు.