మల్లక్క చెప్పిన పుస్తకం

బావా,
అన్నం, పప్పు పొయ్యి మీద ఉన్నాయి. వేడి చేసుకుని తిను. బల్ల మీద పేపరు అట్ట వేసిన పుస్తకం ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టొద్దు. అది మల్లక్కది.

నిన్న శుక్రవారం కదా, మన బిల్డింగ్ వాళ్లం మేడ మీద చేరి ఎవరికి ఏ పుస్తకం నచ్చిందో చెప్పుకున్నాం. జగిత్యాల మల్లక్క రెండేళ్లుగా ఊరికే వింటూ కూర్చునేది. కువైట్ వచ్చాకే నా దగ్గర అక్షరాలు దిద్దింది. తన యజమానురాలు మామా ఇంట్లో పని ఖలాస్ అయ్యాక రోజుకో పేజీ చొప్పున ఐదు నెలలు ఈ పుస్తకం చదివింది. నిన్న ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"పడవ నడిపే ఆడమనిషి కథ ఇది. నాకు మస్తు నచ్చింది. ఆఖరికి ఏమైతదో నేను చెప్ప. మీరే సదువుకోవాలె," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నలుగురు నాకంటే నాకని చేతులు చాపారు. ఆమె మాత్రం నాకిచ్చి, "మీ ఆయనకు ఏ పుస్తకం నచ్చదంటివి గద. గిది నచ్చుతది. ముందుగాల ఆయనకియ్యి," అంది.

ఇన్నేళ్లలో నేను చెప్పిన పుస్తకం ఒక్కటైనా ముట్టుకున్నావా? ఎప్పుడూ అలిసిపోయానంటావు. పోనీలే. ఇది మాత్రం పది పేజీలైనా చదువు. సాయంత్రం మల్లక్క వచ్చి ఎలా ఉందని అడుగుతుంది. అబద్ధం చెబితే కనిపెట్టేస్తుంది.

వ్యాను వచ్చింది, పోతున్నా.
గంగ

మరిచిపోయా. మల్లక్క ఇంకో పుస్తకం కావాలంది. ఈసారి లావుది ఇమ్మంది.