కత్తిరించిన రెండు లైన్లు

మార్చి 4, మంగళవారం

డయాలసిస్ యూనిట్ తీసేస్తారట.

ఆసుపత్రిలో లిఫ్ట్ పక్కన గోడకి నోటీసు అంటించారు. ఉన్న ఆరు మిషన్లూ పెద్దాసుపత్రికి మార్చేస్తారు. వచ్చే నెలాఖరుకి ఇక్కడ మూత. పెద్దాసుపత్రి అంటే బస్సులో రెండున్నర గంటలు. పోను రెండున్నర, రాను రెండున్నర, మధ్యలో మిషన్ మీద నాలుగు. వారానికి మూడు రోజులు. ఏ మహానుభావుడికి వచ్చిందో ఈ దిక్కుమాలిన ఆలోచన, వాణ్ణి ఒక్క వారం ఆ బస్సెక్కించాలి.

తమ్ముడు నోటీసు చదవలేదు. నాలుగేళ్ళుగా ఆ మూల మంచం వాడిదే, కళ్ళు మూసుకుని పడుకున్నాడు. షాపు నడిపినన్నాళ్ళూ ఊళ్ళో అందరి కళ్ళజోళ్ళూ బాగుచేశాడు, సొంత జోడు మాత్రం రోజూ ఇంట్లో మర్చిపోయి వస్తాడు. సిస్టర్‌ని అడిగితే, మమ్మల్ని మాత్రం ఎవరడిగారమ్మా అంది. నోటీసుకి ఫోటో తీసుకుని వచ్చేశాను.

మార్చి 5, బుధవారం

ఆఫీసులో పక్క సీటావిడ ఆన్‌లైన్‌లో పిటిషన్ పెట్టమంది. వాళ్ళ వీధిలో కుక్కల మీద ఎవరో పెడితే మూడు వేలమంది సంతకాలు చేశారట. మరి కుక్కలేమయ్యాయి అని అడిగాను. ఉన్నాయంది.

అయినా పెట్టాను. అరగంట కూడా పట్టలేదు. మా తమ్ముడి ప్రాణం నిలబెట్టండి అని హెడ్డింగు. ఫోటో నాలుగు వైపులా సమానంగా ఉండాలంది సైటు. నోటీసేమో పొడుగు. పైన ముద్రా, పెద్ద అక్షరాలూ ఉంచి అడుగుభాగం కత్తిరించాను. చక్కగా అమరింది. దాని కింద తమ్ముడు నవ్వుతున్న పాత ఫోటో ఒకటి పెట్టాను.

మార్చి 6, గురువారం

నలభై ఒక్క సంతకాలు. అందులో పదకొండు మంది మావాళ్ళే.

మార్చి 9, ఆదివారం

రెండు వేల మూడు వందలు! కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి మీద గిన్నె మాడిపోయింది, చూసుకోలేదు. చంటిపిల్లలా ఆ ఫోన్‌ని చంకనేసుకుని తిరుగుతున్నావే అక్కా అని తమ్ముడు ఒకటే ఎగతాళి. నవ్వనీ. వాడు నవ్వి ఎన్నాళ్ళయిందో.

మార్చి 14, శుక్రవారం

సైటు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. క్యాంపెయిన్ అడ్వైజరట. బాగా నడుస్తోందట గానీ, తమ్ముడు నవ్వుతున్న ఫోటో పనికిరాదట. చేతికి గొట్టాలున్న ఫోటో పెడితే చూసేవాళ్ళ వేలు అక్కడ ఆగుతుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు నవ్వే మనిషమ్మా, ఏం చేయమంటారు అన్నాను.

సాయంత్రం వాడికి చెప్పాను. కోపం రాలేదు సరికదా, చొక్కా చెయ్యి మడిచి, సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిన నరాన్ని నా ముందుకి చాపాడు. తీసుకోవే అన్నాడు, ఏడుపు మొహం కూడా పెట్టాలా అని అడిగాడు. తీశాను. పెట్టాను. సిగ్గేసింది, అయినా పెట్టాను.

మార్చి 15, శనివారం

తొమ్మిది వేలు. ఆవిడ చెప్పింది నిజమే.

మార్చి 18, మంగళవారం

పొద్దున తమ్ముణ్ణి మిషన్ మీద పెట్టించి ఆఫీసుకి పరిగెత్తాను. వెళ్ళేసరికి నా మూడో కౌంటర్ దగ్గర క్యూ గుమ్మం దాటింది. నీళ్ళ ఆఫీసంటే ఎండాకాలం అంతే. ఒకాయన ఫోన్ నా ముక్కు కింద పెట్టాడు. పది రోజులుగా కుళాయి రావడం లేదట, వీడియో పెడితే యాభై వేలమంది చూశారట. అందరికీ చెప్పేదే ఆయనకీ చెప్పాను. వీడియో కాదండీ, కాగితం కావాలి. రాసి, సంతకం పెట్టి, అడ్రసు వేసి, గడువులోపల ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి. అది లేకపోతే మా లెక్కలో మీ కుళాయి బ్రహ్మాండంగా వస్తున్నట్టే. ఆయన నన్ను ఏదో తిట్టుకుంటూ పోయాడు. ఇరవై ఆరేళ్ళుగా తింటున్న తిట్లే.

లంచ్‌లో చూసుకున్నాను. ముప్పై ఒక్క వేలు.

మార్చి 27, గురువారం

నలభై వేలు దాటింది. ఎక్కడుందో కూడా తెలియని దేశం నుంచి ఒకామె, చదివి ఏడ్చానని రాసింది. రెండో మంచం పెద్దాయన భార్య నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. నువ్వుండబట్టి సరిపోయింది తల్లీ, మాకింత తెలివెక్కడిది అంది. సిస్టర్ టీ తెప్పించి ఇచ్చింది.

నాకు చాలా బాగుంది. ఇక్కడ కూడా రాసుకోకపోతే ఇంకెక్కడ రాస్తాను. చాలా చాలా బాగుంది.

ఏప్రిల్ 2, బుధవారం

52,016. మీ గొంతు వాళ్ళకి వినిపించింది అని సైటు మెయిల్ పంపింది.

ఏప్రిల్ 9, బుధవారం

ఆర్డరొచ్చింది. ప్రజల నుంచి ఎటువంటి అభ్యంతరాలూ అందనందున యూనిట్ తరలింపు ఖరారు.

అందనందున! నాలుగుసార్లు చదివాను. ఆఫీసుకి సెలవు పెట్టి, సంతకాలన్నీ ప్రింట్ తీయించి, రెండు సంచుల్లో మోసుకుని వాళ్ళ అడ్మినిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళాను. కడిగి పారేద్దామనే వెళ్ళాను.

ఇన్‌వర్డ్ క్లర్కుకి నా వయసే ఉంటుంది. పాపం కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. రిజిస్టర్ తెరిచి నా వైపు తిప్పాడు. పార్కింగ్ రుసుము మీద అభ్యంతరాలు పద్నాలుగు. క్యాంటీన్ మీద మూడు. డయాలసిస్ పేజీ ఖాళీ. పైన హెడ్డింగు, కింద గీతలు, అంతే. సంచులు చూపించాను. అవి మాకు రాలేదు కదమ్మా, ఎక్కడో కంప్యూటర్లో ఉన్నాయి, నోటీసులోనే రాశాం కదా అని అసలు నోటీసు తీసి ముందు పెట్టాడు.

అడుగున రెండు లైన్లు. అభ్యంతరములు గలవారు ముప్పది దినముల లోపు వ్రాతపూర్వకముగా, చిరునామాతో, ఇన్‌వర్డ్ విభాగమునందు దాఖలుపరచి రసీదు పొందవలెను.

నా ఫోన్‌లో ఉంది మొత్తం ఫోటో. వెతికి చూసుకున్నాను. ఉన్నాయి ఆ రెండు లైన్లూ. నేనే కత్తిరించాను. ఇరవై ఆరేళ్ళుగా కిటికీ వెనక కూర్చుని ఊరందరికీ చెప్పే మాటలు, ఫోటోలో పట్టలేదని కత్తిరించాను. యాభై రెండు వేలమంది చూసింది నేను కత్తిరించిన ముక్కనే.

ఎన్ని కాగితాలు వస్తే ఆగేది అని అడిగాను. ఒక్కటి చాలన్నాడు. ఒక్కటొచ్చినా హియరింగ్ పెట్టి తీరాలి, హియరింగ్ అంటే ఆర్నెల్లు, ఒక్కోసారి ఏడాది. పొయ్యి మీద పాలు పొంగేలోపు రాసిపారేసేదాన్ని ఆ కాగితం.

వచ్చేస్తుంటే గొంతు తగ్గించి, నేను కూడా సంతకం చేశానమ్మా, మొదటి వారమే, మా ఆవిడ చేత కూడా చేయించాను అన్నాడు. చూపిద్దామని ఫోన్‌లో వెతకబోయాడు. వద్దులెండి అన్నాను. నా సీట్లో కూర్చున్న మనిషిని ఏమని తిట్టను?

ఇంటికొచ్చి తమ్ముడికి ఉన్నదున్నట్టు చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు. యాభై రెండు వేలమందిలో ఒక్కళ్ళ దగ్గరా పెన్ను లేకపోయిందా అక్కా అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఏప్రిల్ 10, గురువారం

కాగితం ఇచ్చి వచ్చాను. డయాలసిస్ పేజీలో ఇన్‌వర్డ్ నంబరు 1. గడువు దాటిన పిమ్మట అందినది అని ముద్ర కొట్టాడు. ఆ ముద్ర మా ఆఫీసులోనూ ఉంది.

ఏప్రిల్ 29, మంగళవారం

ఇక్కడ ఆఖరి రోజు. తమ్ముడు మిషన్ మీద ఉండగానే అవతలి మంచాలు విప్పుతున్నారు. రెండో మంచం పెద్దాయన భార్య నన్ను చూసి తల తిప్పుకుంది. మంచి పని చేసింది.

మే 1, గురువారం

పొద్దున 5:40 బస్సు. వీధి చివరే ఆగుతుంది, అదొక్కటే అదృష్టం. పోయేటప్పుడు బాగానే ఉన్నాడు, కిటికీలోంచి చూసి ఒక్కో బోర్డూ చదివి వినిపించాడు. వచ్చేటప్పుడు బీపీ పడిపోయి నా ఒళ్ళో తలపెట్టాడు. గుంట వచ్చిన ప్రతిసారీ మూలిగాడు. ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగు. అన్నం ముట్టలేదు.

మే 10, శనివారం

ఐదోసారి. రెండుసార్లు వాంతి. అక్కడ రద్దీ, నాలుగు గంటలు ఉంచాల్సింది మూడుకే దింపేస్తున్నారు. కాళ్ళు వాచాయి. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇప్పుడు ఒక్క రోజు తప్పినా ప్రమాదమేనమ్మా, గుండె తట్టుకోదు అన్నాడు.

మే 13, మంగళవారం

పిటిషన్ పేజీలో అప్‌డేట్ పెట్టాను. మంగళ, గురు, శని. మా ఊరి వాళ్ళెవరైనా కారులో దింపగలరా? వెనక సీట్లో పడుకుని వెళ్తే చాలు. పెట్రోలు నేనే పోయిస్తాను. ఫోన్ నంబరిచ్చాను. ఊరి పేరు, వీధి పేరు, అన్నీ రాశాను. ఈసారి ఏదీ కత్తిరించలేదు.

మే 16, శుక్రవారం

రెండు వేల నాలుగు వందల లైకులు. దండాలు పెట్టే బొమ్మలు, గుండె బొమ్మలు. తొమ్మిది వందలమంది షేర్ చేశారు. ఫోన్ రెండేసార్లు మోగింది. ఒకటి లోన్ ఇస్తామని. ఇంకొకటి మా ఆఫీసు నుంచి, సెలవులు అయిపోయాయని.

మే 20, మంగళవారం

వెళ్ళొచ్చాం. మనిషి నిలబడలేకపోతున్నాడు. మూడు మెట్లెక్కి కూర్చుంటున్నాడు, మళ్ళీ మూడెక్కి కూర్చుంటున్నాడు.

మే 22, గురువారం

ఇవాళ వెళ్ళలేదు.

నాలుగున్నరకి లేపితే, ఇవాళొక్కరోజు వదిలెయ్యవే అక్కా అన్నాడు. తిట్టాను, బతిమాలాను, గడ్డం పట్టుకున్నాను. చిన్నప్పుడు బడికి వెళ్ళనని మారాం చేస్తే అమ్మ కొట్టబోయినప్పుడు నా వెనక దాక్కున్నట్టు, దుప్పట్లో దాక్కున్నాడు. డాక్టరు మాట గుర్తులేక కాదు. కానీ ఆ బస్సు, ఆ గుంటలు, ఆ మూలుగు. ఒక్కరోజే కదా అనుకున్నాను. శనివారం ఎలాగూ వెళ్తాం.

పదింటిదాకా పడుకున్నాడు. లేచి సగం ఇడ్లీ అడిగి తిన్నాడు. నా కళ్ళజోడు వంకరపోయిందని లాక్కుని సరిచేసి ఇచ్చాడు. ఎన్నాళ్ళకో మనిషిలా ఉన్నాడు. సైటు మెయిల్: డెబ్భై వేలు! అభినందనలు!

మే 24, శనివారం, పొద్దున 6:10

బస్సు వచ్చింది. హారన్ రెండుసార్లు కొట్టారు. తర్వాత కండక్టర్ మెట్లెక్కి వచ్చి తలుపు తట్టాడు. టికెట్ కొట్టడం తప్ప ఇన్నాళ్ళూ మాతో ఒక్క మాట మాట్లాడని మనిషి. గురువారం కూడా రాలేదేమ్మా, మీవాడెలా ఉన్నాడు అని అడిగాడు.

తలుపు పూర్తిగా తియ్యలేదు. నిద్రపోతున్నాడన్నాను. నాలుగున్నరకి లేపబోతే ఒళ్ళు చల్లగా ఉందని చెప్పలేదు.

నిదానంగా లేపండమ్మా, కావాలంటే నలుగురం పట్టుకుని దింపుతాం, ఐదు నిమిషాలు ఆగుతాం, బస్సులో అందరూ సరేనన్నారు అని చెప్పి దిగిపోయాడు.

పది నిమిషాలు ఆగారు.