పదకొండు ఆకులు తప్ప

మోసుల్, ఎడమ ఒడ్డు
12 అక్టోబర్ 2017

రబాబ్ అత్తకి,

వసన్ సలాం. అర్బీల్‌లో నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలని దువా చేస్తున్నా. నాన్న బాగానే ఉన్నాడు. కరెంటు మూడు గంటలే వస్తోంది. స్కూలు తెరిచారు గానీ మా ఇంగ్లీషు టీచరు తిరిగి రాలేదు.

వచ్చే శుక్రవారం నువ్వు వస్తున్నావని నాన్న చెప్పాడు. తాతయ్య దగ్గరున్న ఆ పాత కంటి వైద్యం పుస్తకం నువ్వు చదువుతావట, నేను వినాలట, విన్నానని కాగితం రాసివ్వాలట. కంటి డాక్టరువి కదా, ముఖ్యంగా సూదితో పొర తీసే భాగం కావాలన్నావట. వద్దత్తా, ఇప్పుడు రాకు. దారి నిండా చెక్‌పోస్టులు. నాకు పరీక్షలు కూడా. ఫోన్లో చెబితే నా గొంతుని బట్టి కనిపెట్టేస్తావని ఇలా రాస్తున్నా.

నేను ఎవరికో రాసివ్వడమేంటి చెప్పు? వెయ్యేళ్ల కింద బాగ్దాద్‌లో ఆ కంటి హకీం దాన్ని రాసిన దగ్గర్నుంచి ఒకరు చదవడం, ఒకరు విని కాగితం రాసివ్వడం. అలా తాతయ్య దాకా ముప్పై ఒక్క పేర్లు. తర్వాత నా పేరా?

పోయినేడు ఎండాకాలమంతా నేలమాళిగలో కూర్చుని తాతయ్యకి చదివి వినిపించాను. చూపు పోయినా పుస్తకమంతా ఆయనకి నోటికి వచ్చు. ఒక్క అక్షరం జారినా, ఆ మాట మింగేశావు, కక్కు ఇంగ్లీషు దొరసానీ, అనేవాడు. పక్కింటి ఉమ్ హాజిమ్ మెట్ల మీంచి తొంగిచూసి, కళ్లు లేనాయనకి కళ్ల పుస్తకమా, మీ ఇంటిల్లిపాదికీ పిచ్చే అంది. నీ నోటికి మందు ఇందులో లేదమ్మా, ఉంటే మొదట నీకే పోసేవాణ్ణి అన్నాడు తాతయ్య. ఆవిడ కూడా నవ్వేసింది.

పుస్తకం అయిపోయాక తడుముకుంటూ తనే, విన్నానని కాగితం రాసి, మడిచి నా చేతిలో పెట్టాడు. చదువుకో, చదివాక నా దగ్గరికి రా అన్నాడు. ఆ రోజు నుంచి టీ తాగాక రోజూ అడిగేవాడు, ఇంకేమైనా మిగిలిందా వసన్ అని. ఏమీ లేదు తాతయ్యా అనేదాన్ని. ఉంటే చెప్పు, నేనింకా ఉన్నాగా అనేవాడు. జనవరిలో ఇన్సులిన్ దొరక్క పోయాడు. నీకు తెలుసుగా.

పుస్తకం భద్రంగానే ఉంది. రాకు అత్తా.

నీ మేనకోడలు
వసన్

తా.క. పరీక్షలు లేవు. చెక్‌పోస్టులు కూడా సగం తీసేశారు.

సూదితో పొర తీసే భాగంలో కళ్ల బొమ్మలున్నాయి. బొమ్మలు పాపమంటూ అప్పట్లో ఊరిని ఏలిన నల్లజెండా వాళ్లకి అవి దొరికితే ఏం చేసేవాళ్లో తెలుసుగా. వాళ్లు ఉమ్ హాజిమ్ ఇల్లు సోదా చేస్తున్న రోజు ఆ పదకొండు ఆకులూ చింపేసి రొట్టెల పొయ్యిలో పెట్టేశాను. వాళ్లు మా గడప కూడా ఎక్కలేదత్తా. లైబ్రరీలో ఉన్న ఇంకో ప్రతిని అంతకుముందే తగలబెట్టేశారు.

మర్నాడు ఆ ఆకులు దాటేసి చదివాను. తాతయ్య ఆపలేదు. కునుకు పట్టిందనుకున్నా.

ఆ కాగితం ఇన్నాళ్లూ విప్పలేదు. మొత్తం చదివిందని నా పేరు మీద అబద్ధం ఉంటుందని భయం. ఇప్పుడే, ఈ ఉత్తరం మడిచాక, విప్పాను. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. ఇలా ఉంది:

"నా మనవరాలు వసన్ ఈ పుస్తకం నాకు చదివి వినిపించింది, మధ్యలో పదకొండు ఆకులు తప్ప. అవి నాకు నోటికి వచ్చు. తను అడిగిన రోజు చెప్పి రాయిస్తాను."

రోజూ అడిగాడత్తా. రోజూ ఏమీ లేదనే అన్నాను.

శుక్రవారం రా. ఉన్నంతవరకు చదువు, వింటాను. నీ కాగితం మీద కూడా పదకొండు ఆకులు తప్ప అనే రాస్తాను. నాన్నకి మాత్రం నువ్వే చెప్పు. నాకు భయం.