మీసాల సంబంధం

ఆగిరిపల్లి, 6-5-1984

చిరంజీవి గంగాధరాన్ని మామయ్య పెద్దిరాజు దీవించి రాసే సంగతులు.

ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. మొన్న మైలవరంలో మీ స్టూడియోవాళ్ళ సినిమా చూశాను. అందులో హీరోకి బామ్మగా వేసినావిడ ఉంది చూశావూ, ఆ నడకా, మనవణ్ణి కసిరే ఆ తీరూ! మళ్ళీ వెళ్ళి చూశాను. మీ అత్త పోయాక తోటలో చిలకల్ని అదిలించడం తప్ప నాకు మాటా పలుకూ లేదు. నువ్వు మేకప్ పనిలో ఉన్నావు గనక సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఆవిడకి ఎవరైనా ఉన్నారా? నాకు యాభై ఎనిమిది. ఈడూ జోడూ కుదురుతుందనుకుంటాను.

ఇట్లు, పెద్దిరాజు

తా.క.: చిన్నరసాల బుట్ట పంపాను. ఆవిడకే ఇవ్వు. నువ్వు తినకు.

మద్రాసు, 14-5-1984

మామయ్యగారికి గంగాధరం నమస్కారాలు.

కాస్త కూర్చుని చదవండి. ఆ బామ్మకి ఇరవై ఆరేళ్ళు. ఆవిడ జుట్టుకి తెల్లరంగు వేసేది నేనే. మనవడిగా వేసిన హీరోకి యాభై నాలుగు. ఆయన జుట్టుకి నల్లరంగు వేసేదీ నేనే.

పళ్ళు మాత్రం వృథా కాలేదు. తాత వేషం వేసినవారు మీ ఉత్తరం విని తెగ నవ్వి, బుట్టంతా తినేశారు. ఇంచుమించు మీ ఈడే, ఒంటరివారు. మీ తోట చూడాలని ఉందన్నారు.

మీ గంగాధరం

తా.క.: నేను తినలేదు. టెంకలు చూశాను.

ఆగిరిపల్లి, 19-5-1984

ఒరే గంగాధరం, దీవెనలు తరవాత.

సంబంధం చూడమంటే తాతని అంటగడతావా? బామ్మేమో కుర్రది, మనవడేమో ముసలాడు, నా బుర్ర తిరిగిపోతోంది. ఆ బుర్రమీసాలాయనకి నా తోటలో ఏం పని? నీ ఉత్తరం చదివి మీ అమ్మ, "అన్నయ్యా, తాతగారికి మంచం ఎక్కడ వెయ్యమంటావు?" అంటోంది. ఊళ్ళోవాళ్ళు, "మీసాల సంబంధం కుదిరిందటగా?" అని పలకరిస్తున్నారు. అద్దంలో చూసుకుంటే నేను నేనేనా అని అనుమానంగా ఉంది.

పెద్దిరాజు

తా.క.: నిజం చెప్పు. ఆ సినిమాలో ఆవు ఆవేనా?

మద్రాసు, 25-5-1984

మామయ్యగారికి నమస్కారాలు.

ఆవు ఆవే. తాతే తాత కాదు. ఆడమనిషి, పేరు వెంకాయమ్మగారు. ముప్పై ఏళ్ళు నాటకాల్లో మగవేషాలు కట్టి సినిమాల్లోకొచ్చారు. గౌరవానికి 'వారు' అని రాశాను, చిక్కంతా అక్కడొచ్చింది. జూన్ మొదటి వారంలో, సోమవారం పొద్దున, నూజివీడు బస్టాండులో దిగుతారు.

మీ గంగాధరం

తా.క.: ఆవిడ మామూలు గొంతు కూడా కాస్త బరువే. కంగారుపడకండి.

ఆగిరిపల్లి, 6-6-1984

చిరంజీవి గంగాధరానికి శుభం.

సోమవారం బస్టాండుకి వెళ్ళాను. సినిమావాళ్ళని నమ్మలేం కదా, మేకప్‌తోనే దిగిందేమోనని, పంచె కట్టుకు దిగిన ఓ మీసాలాయన దగ్గరికెళ్ళి, "వెంకాయమ్మగారా అండీ?" అన్నాను. ఆయన జి. కొండూరు పంతులుగారట. గొడుగెత్తాడు.

"ఎవడ్రా అది!" అని వెనక నుంచి ఓ గొంతు ఉరిమింది. పంతులుగారు గొడుగు దింపేశాడు. తిరిగి చూస్తే నేతచీరలో సన్నగా ఓ ఆడమనిషి, నవ్వాపుకోలేక కళ్ళొత్తుకుంటూ.

తోటలో చెట్టుకింద కూర్చున్నాక ఉన్నట్టుండి ఆవిడ గొంతు చిన్నదైంది. "రోజూ ఎంతోమంది నమస్కారం పెడతారండీ, అంతా మీసానికే. నన్ను ఆడదాన్నని వెతుక్కుంటూ వచ్చింది మీరొక్కరే. అదీ వేరేవాణ్ణి పట్టుకున్నారు," అంది. నేను ఇంకో పండిచ్చాను. తీసుకుంది.

శ్రావణంలో ముహూర్తం. సెలవు పెట్టుకుని రా.

మీ మామయ్య, పెద్దిరాజు

తా.క.: మూడు ముళ్ళు వెయ్యడం మరిచిపోయానండీ అన్నాను. స్టేజీ మీద ఎంతమందికి కట్టిందో లెక్కే లేదట. నేర్పుతానంది.